110వ (హైదరాబాద్) స్క్వాడ్రన్

110వ (హైదరాబాద్) స్క్వాడ్రన్ బ్రిటిషు రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు చెందిన ఒక బాంబర్ విమాన దళము. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనంతో దీని తొలి విమానాలు సమకూరినందున దీనికి హైదరాబాద్ పేరు వచ్చింది. హుజూర్‌నగర్ సహా నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు అప్పట్లో నిజాం రాజ్యంలో భాగంగా ఉండేవి. ఆ రాజ్య ఆదాయంలో భూమిశిస్తుదే పెద్ద వాటా. ఈ దళము జర్మనీపై, ఆ తరువాత బర్మా సరిహద్దులలో యుద్ధం చేసింది.

ఆవిర్భావం, శిక్షణ

ఈ దళము 1917 నవంబరు 1న ఇంగ్లండులోని రెండ్‌కూంబ్ వద్ద ఏర్పడింది. సెడ్జ్‌ఫోర్డ్, కెన్లీ విమాన స్థావరాలలో శిక్షణ పొందిన పిమ్మట 1918 సెప్టెంబరు ఆరంభానికి ఫ్రాన్సు చేరి, జర్మనీ లోపలి లక్ష్యాలపై దాడులకై ఏర్పరచిన ఇండిపెండెంట్ ఫోర్స్‌లో చేరింది. డీహెచ్-9ఏ రకం విమానాలను పూర్తిస్థాయిలో పొందిన మొదటి దళము ఇదే.

ఈ విమానానికి 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను ఉండేది. ముందు చోదకుడు, వెనుక పరిశీలకుడు పైకప్పు లేని గుంటల వంటి ఆసనాలలో కూర్చునేవారు. చోదకుడికి ఎదురుగా ఒక మరతుపాకి ఉండగా, వెనుకనుండి వచ్చే శత్రు విమానాలను ఎదుర్కొనడం పరిశీలకుడి పని. చాలా ఎత్తున, గడ్డకట్టే చలిలో, గంటల తరబడి ఒకరికొకరు దగ్గరగా బారులు తీరి ఎగరవలసి వచ్చేది. బారు నుండి విడిపోయిన విమానం శత్రువుకు సులభంగా చిక్కేది. కనుక వరుస తప్పకుండా ఎగరడం వీరి పనిలో ముఖ్యమైన అంశం.

మొదటి ప్రపంచ యుద్ధం

1918 సెప్టెంబరు 14న దళము తన తొలి దాడి చేసింది. దాడులు పగటిపూట జరిగినందున నష్టం తీవ్రంగా ఉండేది. 1918 అక్టోబరు 21న ఒక్క దాడిలోనే 7 విమానాలు తిరిగి రాలేదు. సుమారు రెండు నెలల కాలంలో శత్రువు చేతిలో 17 విమానాలు, ప్రమాదాలలో మరో 28 విమానాలు పోయాయి. అనగా పోరులో కన్నా ప్రమాదాలలో పోయినవే ఎక్కువ. యుద్ధానంతరం 1919లో దళము రద్దయింది.

1918 అక్టోబరు 5న జర్మనుల చేతికి చిక్కిన ఎఫ్-1010 అనే విమానం నేటికీ మిగిలి ఉంది. దానిపై నిజాం బహూకరణ అనీ, "హైదరాబాద్ నెం. 12ఏ" అనీ వ్రాసి ఉంటుంది. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. బెర్లిన్‌లో ప్రదర్శించిన ఈ విమానం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పోలెండుకు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానానికి బదులుగా బ్రిటన్‌కు వచ్చి, లండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియంలో చేరింది.

రెండవ ప్రపంచ యుద్ధం

1937లో దళాన్ని తిరిగి ఏర్పరచారు. 1939 సెప్టెంబరు 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడు, కెన్నెత్ డోరన్ నాయకత్వంలో ఈ దళపు బ్లెన్‌హీమ్ విమానాలు విల్‌హెల్మ్స్‌హావెన్ రేవు వద్ద జర్మను యుద్ధనౌకలపై దాడి చేశాయి. మేఘాలు బాగా కిందికి ఉన్నందున విమానాలు చాలా తక్కువ ఎత్తునుండి బాంబులు వేయవలసి వచ్చింది. అడ్మిరల్ షీర్ అనే నౌకకు బాంబులు తగిలినా అవి పేలలేదు. ఈ దళము ఒక విమానాన్ని కోల్పోగా, అదే దాడిలో పాల్గొన్న 107వ దళము 5 విమానాలలో నాలుగింటిని కోల్పోయింది. డోరన్‌కు శౌర్య పతకం లభించింది. 1940లో నార్వే తీరంలో అతని విమానం కూలగా అతను జర్మనులకు బందీ అయ్యాడు.

1942లో దళము భారతదేశానికి వచ్చింది. నిటారుగా కిందికి దూకుతూ బాంబులు వేసే వెంజెన్స్ విమానాలతో అరకాన్ ప్రాంతంలో జపాను సేనలపై దాడులు చేసింది. అనంతరం మస్కిటో విమానాలు వచ్చాయి. యుద్ధానంతరం రవాణా విమానాలతోను, హెలికాప్టర్లతోను పనిచేసి 1971లో చివరిసారిగా రద్దయింది.

చిహ్నం, సంబంధిత దళాలు

దళపు చిహ్నంలో పులి ఉంటుంది. దాని లాటిన్ నినాదానికి "భయపడను, తృణీకరించను" అని అర్థం. రెండవ ప్రపంచ యుద్ధంలో 152, 253 సంఖ్యల ఫైటర్ దళాలకు కూడా హైదరాబాద్ పేరు ఉండేది. 152వ దళపు నినాదమైన "విశ్వాసపాత్ర మిత్రుడు" నిజాంకు బ్రిటిషువారు ఇచ్చిన బిరుదును గుర్తుచేస్తుంది.

ఈ ప్రాంతంలో వైమానిక శిక్షణ

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బేగంపేటలో టైగర్ మాత్ విమానాలపై ప్రాథమిక శిక్షణ ఇచ్చేవారు. స్వాతంత్ర్యానంతరం దుండిగల్‌లో భారత వైమానిక దళ అకాడమీ ఏర్పడింది. అక్కడ 1971లో శిక్షణ మొదలైంది. హుజూర్‌నగర్ నియోజకవర్గం నుండి 2009 మొదలు శాసనసభకు పలుమార్లు ఎన్నికైన నలమాద ఉత్తమ్ కుమార్ రెడ్డి, రాజకీయాలలోకి రాకముందు భారత వైమానిక దళంలో మిగ్-21, మిగ్-23 యుద్ధ విమానాలు నడిపారు.