అందుగు చెట్టు, మన చేను గట్టు

కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. జంగల్ అంటే టేకు కలప ఒక్కటే కాదు. ఇప్పపువ్వు, తునికాకు, తపసి బంక, అందుగు సాంబ్రాణి కూడా జంగలే. వీటిలో అందుగు చరిత్ర మన యువతకు తెలియాలి.

అందుగు రాళ్లగుట్టల మీద పెరుగుతుంది. బెరడు చెక్కితే జిగురు కారి గట్టిపడుతుంది. దాన్ని నిప్పుల మీద వేస్తే సువాసన వస్తుంది. మెత్తని కలప కావడంతో కర్రగానూ పోయింది. మధ్యప్రదేశ్‌లోని నేపానగర్ మిల్లు పత్రికల కాగితానికి ఈ కర్రనే వాడింది.

మన వైపు 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. తరువాత గోదావరి లోయ వెంట బావులు, కాలనీలు, 1983 నుంచి రామగుండం ఎన్టీపీసీ కరెంటు వచ్చాయి. ఉద్యోగాలూ వచ్చాయి, అడవీ తగ్గింది.

చట్టాలు కూడా వచ్చాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తపసి బంక వంటివి కొన్నది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు ఇచ్చింది. కానీ చెట్టే లేకపోతే హక్కు కాగితం మీదే ఉంటుంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇథియోపియా, సూడాన్ దేశాల సాంబ్రాణి చెట్ల మీద 2019లో వచ్చిన అధ్యయనం, 20 ఏళ్లలో దిగుబడి సగానికి పడిపోవచ్చని చెప్పింది. మేత, మంటల వల్ల కొత్త మొక్కలు ఎదగడం లేదట.

మరి మనం ఏం చేయగలం? పట్టా వచ్చిన పోడు చేలలో ఇప్పుడు పత్తి ఉంది. పత్తిని తీసేయమని ఎవరూ అనరు, ఇల్లు దాని మీదే నడుస్తోంది. గట్ల మీద మాత్రం చోటుంది. అందుగుకు గింజలు తక్కువే పడతాయి, కానీ తొలకరికి కొమ్మ నాటితే వేరూనుతుంది. పశువులు తొక్కకుండా ముళ్లకంప కట్టాలి. వేసవిలో ఆకు రాలుస్తుంది. జిగురు వెంటనే రాదు, ఏళ్లు ఓపిక పట్టాలి. చెట్టు ముదిరాక కూడా చుట్టూతా చెక్కకుండా, మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి.

బొగ్గు ఒక్కసారే తవ్వుకుంటాం. ఓపికగా చెక్కితే అందుగు మళ్లీ మళ్లీ ఇస్తుంది. ఈ వానాకాలం ఊరికి పది కొమ్మలు నాటండి.