తాండూరు కందులు – పేదల కంచములు

పేదలకు తిండిగింజలు చౌకగా నిచ్చుట రాజధర్మమని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. నేటి ప్రభుత్వములకును ఆ ధర్మము సమ్మతమే. అయినను, అందులకై వెచ్చించిన ప్రజాధనము ఎవరి పంటను కొనెను, ఎవరి కంచమున నేమి వడ్డించెను అను ప్రశ్నను మనము తరచుగా వేసికొనుట లేదు. 2016లో జిల్లాగా నేర్పడిన వికారాబాదును, అందలి తాండూరును నిదర్శనముగా గొని యీ విషయమును కొంత విచారింతము.

ఇది కాలువల దేశము కాదు. వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టి తూర్పునకు పారుచున్నది. తాండూరు ప్రక్కగా కాగ్నానది పడమరకుబోయి భీమానదిలో కలియుచున్నది. నదులున్నను చేలకు చాలవరకు వానయే దిక్కు. జొన్న, కంది, పెసర, శనగ యిచటి పూర్వపు పంటలు. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము పూర్తికాగా, దానిపైనున్న యీ పట్టణముల సరకులకు దూరపు అంగళ్ల త్రోవ యేర్పడెను. తాండూరు బండలవలెనే తాండూరు కందిపప్పును పేరొందినది. 2022 డిసెంబరులో ఆ కందికి భౌగోళిక గుర్తింపు లభించెను. కాని కీర్తి పొందిన పప్పు ఆ చేలలో కూలిచేయు కుటుంబమునకు దినదినము అందుబాటులో నున్నదని చెప్పజాలము.

1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యము నిచ్చుట ప్రారంభించెను. పొయ్యి వెలుగని యెన్నో యిండ్లలో అన్నముడికెను. ఈ మేలును చులకనచేసి పలుకుట కృతఘ్నత. అయితే ఆ బియ్యము ప్రధానముగా మాగాణి పంట. జొన్నరొట్టెకు అలవాటుపడిన మెట్టకుటుంబము చౌకబియ్యమువైపు మరలినకొలది, ప్రక్కచేని జొన్నకు కొనువారు తగ్గిరి. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము చిరుధాన్యములను కిలో 1 రూపాయికి ఇయ్యవచ్చునని పలికినను, మన ప్రాంతమున రేషను కార్డనగా బియ్యపు కార్డుగనే నిలిచినది. 2023 నుండి ఆ గింజలు ఉచితమైనవి. 2025 ఉగాదినాట తెలంగాణమున సన్నబియ్యము వచ్చినది. కడుపు నిండుట జరిగినది. కంచము నిండుట యింకను మిగిలియున్నది. పప్పును, ఆకుకూరయు లేని అన్నము బాలింతకును, ఎదుగు బిడ్డకును చాలునా?

రెండవ ప్రయత్నము రైతువైపు నుండి వచ్చినది. 1999 జనవరి 26న రైతుబజారులు ఆరంభమయ్యెను. దళారి లేకుండ సేద్యగాడే తన కూరగాయలను అమ్ముకొనునట్లు ప్రభుత్వము స్థలమిచ్చెను, ధరలను పలకపై వ్రాయించెను, రైతులకు బస్సులు నడిపించెను. రైతు బాగుపడెను, పట్టణపు గృహిణికి తాజాకూరలు దొరకెను. కాని చేతిలో పైకము లేని పేదరాలికి ధర తగ్గిన మాత్రమున సంచి నిండదు. 2013లో అమ్మహస్తము పథకము 185 రూపాయలకు తొమ్మిది సరకుల నిచ్చుచు, అందు కిలో కందిపప్పును చేర్చెను. ఇది పేదరాలి వంటింటిని ఎరిగిన ఆలోచనయే. అయినను అది కొలదికాలమునకే ఆగిపోయెను.

ఇట్లు ఒక పథకము తినువానిని చూచినది, మరియొకటి పండించువానిని చూచినది. ఇరువురిని ఒక్కచో కలిపిన ప్రయత్నము వికారాబాదు నుండి చీలిపోవు రైలుదారిలో, జహీరాబాదు పల్లెలలో జరిగినది. 1983లో స్థాపింపబడిన దక్కను అభివృద్ధి సంఘపు స్త్రీలు, 1990 తరువాతి దశకమున కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ధనసహాయముతో బీడుభూములను దున్నించిరి. రైతులు ఆ పెట్టుబడిని కొన్నేండ్లపాటు జొన్నల రూపమున చెల్లించిరి. ఆ జొన్నలను ఊరనే నిలువచేసి పేద కుటుంబములకు చౌకగా నిచ్చిరి. ఎవరు పేదలో నిర్ణయించినది దూరపు కచేరీ కాదు. ఊరివారే నేలపై గ్రామపటమును గీచి, నలుగురి యెదుట తేల్చిరి. ఒక్క రూపాయి బీడును దున్నెను, కూలి నిచ్చెను, కంచమున రొట్టెయు నయ్యెను.

ఇటువంటి యూహ అన్యదేశములకును తట్టినది. 1939 మే 16న అమెరికాలోని రాచెస్టరు నగరమున పేదలకు ఆహారపు చీటీలు వాడుకలోనికి వచ్చెను. ఒక డాలరు పెట్టి నారింజరంగు చీటీలు కొన్నవారికి అరడాలరు విలువగల నీలిచీటీలు ఉచితముగా నిచ్చిరి. నీలిచీటీలతో, రైతులయొద్ద మిగులుగా నున్నవని ప్రభుత్వము ప్రకటించిన ఆహారములనే కొనవలెను. ఆ పద్ధతి 1943లో ముగిసినను, అందలి సూక్ష్మము మనము నేర్వదగినదే.

ఆకుకూర వాడిపోవును, గోదాములో నిలువదు, లెక్కలో మోసము జరుగునని కొందరు ఆక్షేపింతురు. నిలువదు గనుకనే దానిని దూరమునుండి తేవలదు. దగ్గరి చేని నుండియే కొనవలెను. తాండూరు సంతలోను, వికారాబాదు సంతలోను చుట్టుపట్ల రైతులయొద్ద మాత్రమే చెల్లునట్టి కూరల చీటీని బియ్యపు కార్డునకు జోడింపవచ్చును. కందులను పొదుపుసంఘముల స్త్రీలచే కొనిపించి, పప్పుగా విసరించి, ఆ యూళ్ల పేదలకే తొలుత ఇయ్యవచ్చును. లెక్కను ఊరివారి యెదుట చదివించినచో మోసమునకు చోటు తగ్గును.

బియ్యమిచ్చుటతో ధర్మము తీరినదని తలంపక, ఆ బియ్యము ప్రక్కన నేమి వడ్డింపబడుచున్నదని మన గ్రామసభలలో అడుగుదము. వంటింటి కష్టమెరిగిన మన సోదరీమణులు ఆ ప్రశ్నను ముందుగా వేయుదురుగాక.