తుంగభద్రలో మిగిలిన స్తంభములు

వానకాలమున మోయతుమ్మెద వాగు పొంగినప్పుడు, హుస్నాబాదు ప్రాంతపు పల్లెలవారికి ఆవలిగట్టు కంటికెదుట నున్నను పరదేశమే యగును. బండ్లు ఆగును. సంతకు బయలుదేరినవారు ఒడ్డున కూర్చుండి, నీరు ఎప్పుడు తీయునా యని ఎదురుచూతురు. వంతెన విలువ అట్టివేళ తెలియును. పూర్వులు ఏళ్లపై వంతెనలెట్లు కట్టిరో, అవి ఏమైనవో తెలుపుటకు మేము ఒక శిథిలమును గూర్చి చెప్పదలచితిమి.

అది హంపీలో నున్నది. విఠలాలయమునకు సమీపమున తుంగభద్రలో రాతి స్తంభములు వరుసలుగా నిలిచియున్నవి. విజయనగర కాలమున వీనిపై రాతిదూలములును, వానిపై పలకలును పరచి బాట వేసిరి. నేడు బాట లేదు, స్తంభములే కలవు.

రాయి పైబరువును మోయగలదు. నడుమ వంగవలసివచ్చిన విరుగును. కావున రాతిదూలము పొడవుగా నుండరాదు. స్తంభములను దగ్గరదగ్గరగా నాటవలెను. అవి దగ్గరైనకొలది ఏటికి దారి ఇరుకగును. వరదలో వచ్చు చెట్లు వానికి చిక్కును. నీటి త్రోపుడు హెచ్చును.

ఈ చిక్కును కమాను తీర్చినది. కమానులో రాళ్లు ఒకదానినొకటి ఒత్తుకొని నిలుచును. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలమున 1578లో మూసీపై కట్టిన పురానాపూల్‌కు 22 కమానులు. అప్పటికి హైదరాబాదు నగరము పుట్టలేదు. 1908 సెప్టెంబరు వరదలో తక్కిన మూడు వంతెనలు కొట్టుకొనిపోగా, దెబ్బతినియు నిలిచినది ఇదియే.

ఇక హంపీ కడ ఏరు దాటించినది పుట్టి. 1520 ప్రాంతమున కృష్ణరాయల రాజధానిని చూచిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్, పేముతో అల్లి తోలు కప్పిన గుండ్రని పడవలలో పదునైదిరువదిమంది దాటుచుండిరని వ్రాసెను. ఆ పుట్టి మన కాలము వరకు నడచినది. ఆనెగొందికి కట్టుచుండిన క్రొత్త వంతెన 2009 జనవరిలో నిర్మాణదశలోనే కూలి, పనివారు ప్రాణములు కోల్పోయిరి.

కాబట్టి పాతదెల్ల గట్టిదనియు, క్రొత్తదెల్ల క్షేమమనియు ఎంచరాదు. ఏటి దారి ఏటికి విడిచి, మన దారి మనకు చూపినదే మంచి వంతెన. వరద తీసిన పిమ్మట మన ఊరి వంతెన క్రిందికి ఒకమారు దిగి చూతము. కాళ్లకు చెట్లు చిక్కినవా? పునాది చుట్టు మట్టి కోసికొనిపోయినదా? చూచినదానిని చూచినట్లు అధికారులకు తెలుపుదము. స్తంభములు మిగిలి బాట పోయిన వంతెన ఎవరిని దాటింపగలదు?