నాటాల్ తెలుగు వలస పూర్వీకుల వంశచరిత్ర పరిశోధన

నాటాల్ తెలుగు వలస పూర్వీకుల వంశచరిత్ర పరిశోధన అనగా 1860 - 1911 సంవత్సరాల మధ్య మద్రాసు రేవు నుండి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వలసరాజ్యమునకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువారి స్వగ్రామమును, బంధుత్వాలను వ్రాతపూర్వక ఆధారాలతోను, కుటుంబాలలో చెప్పుకొనే విషయాలతోను గుర్తించే ప్రయత్నము. ఆ తొలి తరమువారిని దక్షిణాఫ్రికా భారతీయులు తమ సమాజానికి పునాది వేసిన మార్గదర్శకులుగా గౌరవిస్తారు. అయితే నాలుగైదు తరాల తరువాత పుట్టినవారికి ఆ పూర్వీకుని పేరు తెలిసినా, ఇంటిపేరు, ఊరు తెలియకపోవడము సాధారణము. ఈ పరిశోధనకు ప్రధానమైన ఆధారము, ప్రతి వలసదారునికి ప్రభుత్వము కేటాయించిన వలస సంఖ్య.

చారిత్రక నేపథ్యము

బ్రిటిషువారు 1843లో నాటాల్‌ను స్వాధీనము చేసుకున్నారు. 1850వ దశకములో అక్కడి సముద్ర తీరములో చెరకు సాగు మొదలైనది. సొంత భూములు, పశువులు కలిగిన స్థానిక ఆఫ్రికన్లు తోటల యజమానులు ఇవ్వజూపిన కూలికి నిలకడగా పనిచేయుటకు ఇష్టపడలేదు. అందుచేత యజమానులు భారతదేశము నుండి కూలీలను రప్పించుటకు అనుమతి పొందారు. మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరినది. అదే నెలలో కలకత్తా నుండి 'బెల్విడీర్' అనే ఓడ వచ్చినది.

1866లో ఆగిన ఈ వలస 1874లో మరల ప్రారంభమై 1911 వరకు సాగినది. మొత్తము 1,52,184 మంది నాటాల్ చేరారు. వీరిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారు. వారిలో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల తెలుగువారు ఉన్నారు. తొలి ఏడాది జీతము నెలకు పది షిల్లింగులు; తరువాత ఏటా ఒక షిల్లింగు చొప్పున పెరిగేది. వలసరాజ్యములో పదేళ్ళు గడిపినవారికి ఉచితముగా తిరుగు ప్రయాణపు హక్కు ఉండేది. చాలామంది తిరిగి రాక, చిన్న కమతాలు కౌలుకు తీసుకొని కూరగాయలు పండిస్తూనో, ఇతర వృత్తులు చేపట్టో అక్కడే స్థిరపడ్డారు.

ఓడ జాబితాలు

ఓడ చేరగానే అందులోని వారందరి వివరాలను పెద్ద పుస్తకాలలో నమోదు చేసేవారు. వీటిని ఓడ జాబితాలు అంటారు. సాధారణముగా వీటిలో ఈ క్రింది వివరాలు కనిపిస్తాయి:

* వలస సంఖ్య
* పేరు, తండ్రి పేరు
* వయస్సు, స్త్రీ పురుష భేదము
* కులము
* జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామము
* ఎత్తు, పుట్టుమచ్చలు, గాయపు మచ్చలు

కొన్ని నమోదుల ప్రక్కన పని కేటాయించిన యజమాని పేరు, మరణము, తిరుగు ప్రయాణము వంటి విషయాలు కూడా వ్రాసి ఉంటాయి. భార్యకు, పిల్లలకు సైతము వేరు వేరు సంఖ్యలు ఇచ్చేవారు. అందుచేత ఒకే ఓడలో వరుస సంఖ్యలు గలవారు ఒకే కుటుంబమువారు అయ్యే అవకాశమున్నది. పనివారిని లెక్కించుటకు ఏర్పరచిన ఈ సంఖ్యయే నేడు వారి మనుమల మనుమలకు అన్నిటికంటె నమ్మదగిన ఆనవాలు. పేరు ఒక్కొక్క పత్రములో ఒక్కొక్క విధముగా మారవచ్చును గాని, సంఖ్య సాధారణముగా మారదు. ఒప్పందము ముగిసినట్లు ఇచ్చే పత్రము, వివాహ నమోదు, వలస కార్మికుల సంరక్షకునికి పెట్టుకొన్న అర్జీలు మొదలైన వాటిలో ఇదే సంఖ్య కనిపిస్తుంది.

ఈ పుస్తకాలు, సంరక్షకుని కార్యాలయపు దస్త్రాలు క్వాజులు-నాటాల్ లోని ప్రభుత్వ అభిలేఖాగారాలలో ఉన్నాయి. డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యురాలు జాయ్ బ్రెయిన్ ఆధ్వర్యమున ఓడ జాబితాలు కంప్యూటరుకు ఎక్కించబడ్డాయి. ఆ విశ్వవిద్యాలయము 2004లో నాటాల్ విశ్వవిద్యాలయముతో కలిసి క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయముగా ఏర్పడినది. దానికి చెందిన గాంధీ-లుతులి పత్ర కేంద్రము ఈ జాబితాలను అంతర్జాలములో అందుబాటులో ఉంచినది.

సొంత ఖర్చులతో వచ్చిన వర్తకులు, వారి గుమాస్తాలు ఈ జాబితాలలో ఉండరు. వీరిని 'పాసెంజర్' భారతీయులు అంటారు. వీరిలో ఎక్కువమంది గుజరాత్ ప్రాంతమువారు.

పరిశోధన క్రమము

తెలిసిన తరము నుండి తెలియని తరమునకు ఒక్కొక్క మెట్టుగా వెనుకకు వెళ్ళడము సరియైన పద్ధతి. నేరుగా ఓడ జాబితాలో తాతగారి పేరు వెదికితే, అదే పేరు గలవారు అనేకులు కనిపిస్తారు. వారిలో తమవారెవరో తేల్చుటకు ముందుగా ఈ క్రింది ఆధారాలను సేకరించాలి:

# ఇంటిలోని పెద్దల జ్ఞాపకాలు. పూర్వీకుడు పనిచేసిన తోట, ఓడ, వెంట వచ్చిన బంధువులు, ఇంటిలో జరిపే పండుగలు, ఇలవేలుపు పేరు వ్రాసుకోవాలి.
# పాత పత్రాలు. జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు, భూమి దస్తావేజులు, ఒప్పందము ముగిసిన పత్రము. 1891 నాటి 25వ చట్టము క్రింద ఒప్పంద కూలీల వివాహాలు సంరక్షకుని వద్ద నమోదయ్యేవి.
# మరణానంతర ఆస్తి దస్త్రాలు. వీటిలోని మరణ ప్రకటనలో మృతుని తల్లిదండ్రులు, జన్మస్థలము, భార్య, పిల్లల పేర్లు ఉంటాయి. దక్షిణాఫ్రికా జాతీయ అభిలేఖాగారపు అంతర్జాల సూచికలో వీటి దస్త్రపు సంఖ్యలను వెదకవచ్చును.
# సమాధి ఫలకాలు, దేవాలయాల, పాఠశాలల పాత పుస్తకాలు.

1895లో చేసిన చట్టము ప్రకారము, ఆ తరువాత వచ్చి ఒప్పందము ముగిసిన పిదప నాటాల్‌లో ఉండిపోదలచినవారు ఏటా మూడు పౌండ్ల పన్ను చెల్లించవలసి వచ్చినది. 1913లో గాంధీజీ నాయకత్వమున జరిగిన సమ్మె తరువాత, 1914లో ఈ పన్ను రద్దయినది. పన్ను బకాయిలకు సంబంధించిన దస్త్రాలలోను ఒక్కొక్కసారి కుటుంబ వివరాలు లభిస్తాయి.

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము క్రింద డర్బన్‌లోని కేటో మేనర్ వంటి ప్రాంతాల నుండి భారతీయ కుటుంబాలను బలవంతముగా తరలించారు. ఇండ్లతో పాటు పత్రాలు, ఫోటోలు పోగొట్టుకొన్న కుటుంబాలకు ప్రభుత్వ దస్త్రాలే మిగిలిన ఆధారము.

పేర్లలోని చిక్కులు

తెలుగువారి పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తాయి. ఓడ జాబితాలో ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి లేదు. ఆ కారణముగా చాలా కుటుంబాలలో ఇంటిపేరు ఒక్క తరములోనే మరుగుపడినది. తరువాతి కాలములో తండ్రి సొంత పేరో, నాయుడు, రెడ్డి వంటి గౌరవవాచకమో కుటుంబ నామముగా స్థిరపడినది. 'నాయుడు' అనునది కాపు, వెలమ, కమ్మ, బలిజ మొదలైన పలు వర్గాలలో వాడుకలో ఉన్నందున, ఆ పేరు గలవారందరు ఒకే వంశమువారని భావించరాదు.

గుమాస్తాలు విన్నది విన్నట్లు ఆంగ్ల లిపిలో వ్రాశారు. ఆంగ్ల లిపిలో త-ట, ద-డ, న-ణ, ల-ళ భేదాలు తెలియవు. అందుచేత ప్రతి పేరును నాలుగైదు వర్ణక్రమాలలో వెదకాలి. ఆ కాలపు ఆంగ్ల పత్రాలలో తెలుగువారిని 'జెంటూ'లు అని వ్రాయడము కూడా కలదు. కులము గడిలోని మాటను పూర్తిగా నమ్మరాదు. చెప్పినవారు మార్చి చెప్పియుండవచ్చును, వ్రాసినవారు పొరబడియుండవచ్చును.

పేరే కొన్నిసార్లు ప్రాంతమును సూచిస్తుంది. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం అనే పేర్లు సింహాచల క్షేత్రపు ప్రభావము గల ఉత్తరాంధ్రలో అధికము. పైడయ్య, పైడమ్మ, పైడిరాజు అనే పేర్లు విజయనగరపు పైడితల్లి అమ్మవారిని గుర్తుచేస్తాయి. మునెమ్మ, మునిస్వామి అనే పేర్లు చిత్తూరు ప్రాంతములో విరివిగా ఉన్నాయి. ఇవి వెదకవలసిన దిక్కును చూపే సూచనలు మాత్రమే.

స్వగ్రామమును గుర్తించుట

జాబితాలో ఉన్న జిల్లా నేటి జిల్లా కాదు. ఈ మార్పులు తెలియనిచో పరిశోధన దారి తప్పుతుంది.

* ఉత్తర ఆర్కాటు: చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు 1911 వరకు ఈ జిల్లాలోనివి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినది.
* గంజాం: 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడే వరకు శ్రీకాకుళం ప్రాంతము ఈ జిల్లాలో ఉండేది. శ్రీకాకుళమును అప్పటి పత్రాలలో 'చికాకోల్' అని వ్రాసేవారు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడినది.
* విశాఖపట్నం: దీని పేరు 'వైజాగపటం' అని ఉంటుంది. నేటి విజయనగరం ప్రాంతము కూడా ఇందులోనిదే. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడినది.
* గోదావరి: 1925లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలు ఏర్పడినవి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. కొత్తపల్లి, వెంకటాపురం, రామాపురం వంటి పేర్లు గల గ్రామాలు అనేకము. గ్రామమును తేల్చుటకు తాలూకా పేరు తప్పనిసరి. కార్‌మైకేల్ విశాఖపట్నం మాన్యువల్ (1869), మారిస్ గోదావరి మాన్యువల్ (1878), కాక్స్ ఉత్తర ఆర్కాటు మాన్యువల్ (1881) నాటి తాలూకాలను, స్థలనామాల ఆంగ్ల వర్ణక్రమమును తెలుసుకొనుటకు ఉపయోగపడతాయి. మద్రాసు ప్రభుత్వపు వలస సంబంధిత ఉత్తర్వులు చెన్నైలోని తమిళనాడు అభిలేఖాగారములో లభిస్తాయి.

గ్రామములో విచారణ

గ్రామము తేలిన పిమ్మట పాత భూమి రికార్డులు, దేవాలయ శాసనాలు, వృద్ధుల జ్ఞాపకాలు ఆధారము. తెలుగునాట కొన్ని కులాల వంశావళిని కాపాడే ఆశ్రిత వృత్తులవారు ఉన్నారు. పిచ్చుకుంట్లవారు రెడ్డి, కాపు మొదలైనవారి గోత్రాలను, ఇంటిపేర్లను కథగా చెబుతారు. సాధనాశూరులు పద్మశాలీలకు, వీరముష్టివారు వైశ్యులకు ఆశ్రితులు. భూమి లేని నిరుపేద కుటుంబాలకు ఇటువంటి ఆధారాలు తక్కువ. అట్టివారికి ఓడ జాబితాలోని ఒక్క వరుసయే సర్వస్వము.

దూరదేశము నుండి వచ్చినవారు ఆస్తిలో వాటా కోరుతారేమోనని గ్రామస్థులకు అనుమానము కలుగవచ్చును. వచ్చిన ఉద్దేశమును ముందే స్పష్టముగా తెలుపుట మంచిది. ఒంటరిగా ఓడ ఎక్కిన స్త్రీల విషయములో మరింత జాగ్రత్త అవసరము. ప్రతి నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉండాలన్న నియమము వలన వితంతువులను, భర్తను వీడినవారిని కూడా చేర్చుకొనేవారు. వారి కథ పుట్టింట్లో చెప్పుకొనకపోయియుండవచ్చును.

సాక్ష్యాల పరిశీలన

పేరు ఒక్కటే కలిసినంత మాత్రాన వ్యక్తి ఒక్కడేనని నిర్ణయించరాదు. పేరు, తండ్రి పేరు, వయస్సు, యజమాని అనువాటిలో కనీసము మూడు కలిసి, వలస సంఖ్య మరియొక పత్రములో ధ్రువపడినపుడే నిశ్చయముగా చెప్పవచ్చును. మిగిలిన వాటిని 'సంభావ్యము' అని గాని, 'కుటుంబములో చెప్పుకొనునది' అని గాని వేరుగా వ్రాసుకోవాలి. వయస్సులు ఉజ్జాయింపుగా వ్రాసినవి కనుక నాలుగైదేళ్ళ తేడా సహజము. జన్యు పరీక్షలు దగ్గరి బంధుత్వమును నిర్ధారించగలవు గాని, గ్రామమును చెప్పలేవు.

ప్రాముఖ్యత

ప్రవాస భారత పౌరసత్వ కార్డు కొరకు దరఖాస్తు చేసేవారు తమ పూర్వీకుని భారతీయ మూలమును పత్రాలతో చూపాలి. మూలాల అన్వేషణకు సాయపడుటకు భారత ప్రభుత్వపు ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ 2008లో ఒక పథకమును ప్రారంభించినది. ఆ శాఖ 2016లో విదేశాంగ శాఖలో విలీనమైనది.

నాటాల్‌లో తమిళుల మధ్య అల్పసంఖ్యాకులుగా ఉన్న తెలుగువారి గుర్తింపునకు కూడా ఈ పరిశోధన తోడ్పడుతున్నది. తెలుగు భాషను, సంస్కృతిని నిలుపుటకు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడినది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగములోని 6వ విభాగము గౌరవించవలసిన భాషలలో తెలుగును పేర్కొన్నది. అయితే అందులోనూ ఆ పేరు 'టెలెగు' అన్న వర్ణక్రమముతోనే ఉన్నది.