కారు స్పీకరు 4 ఓమ్‌లే ఎందుకు?

కారులో ఉన్న యాంప్లిఫయరుకే ఇంకో రెండు స్పీకర్లు తగిలిస్తే పోలా అనుకుంటాం. ఆగండి, దీని వెనక కాస్త చరిత్ర ఉంది.

1930లో పాల్ గాల్విన్ కంపెనీ తెచ్చిన మోటరోలా కారు రేడియోకి ఉన్నది ఒక్కటే స్పీకరు. లోపల వాల్వులు, వాటికీ స్పీకరుకీ మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మరు. 1955లో క్రైస్లర్ కార్లలోకి పూర్తి ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది. 1965లో ఫోర్డ్ ఎయిట్-ట్రాక్ టేపు పెట్టాక స్టీరియో, దాంతోపాటే స్పీకర్ల సంఖ్యా పెరిగాయి. మెల్లగా మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు మాయమైంది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ఎక్కువ పవరు కావాలంటే స్పీకరు నిరోధం తగ్గించాల్సిందే. అందుకే ఇంట్లో 8 ఓమ్‌లు మామూలైతే, కారులో 4 మామూలైంది.

చిక్కంతా ఇక్కడే. అలాంటివి రెండు ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు, అంటే కరెంటు రెట్టింపు. యాంప్లిఫయరు దానికి తయారుచేసింది కాకపోతే వేడెక్కి ఆగిపోతుంది, లేదా మాడిపోతుంది. సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు. భయం లేదు గానీ, పవరు సగమే. రెండూ వద్దనుకుంటే విడిగా ఇంకో యాంప్లిఫయరు పెట్టుకోవడమే మేలు.

సర్వరు అదే ఉంచి యూజర్లని రెట్టింపు చేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా!