భట్టిప్రోలు స్ఫటికం, మా సైట్ దుమ్ము

పోయిన ఆదివారం మా రూమ్ నలుగురం హెర్న్‌డన్‌లో సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం చూసొచ్చాం. టికెట్ లేదు, అందుకే వెళ్ళాం, దాచేదేముంది! అక్కడ ఒక స్ఫటిక గోళం ఉంది. 106 పౌండ్ల పైనే, అంటే 48 కిలోలు. లోపల మచ్చన్నది లేదు. అవతల నిలబడ్డ మనిషి అందులో తలకిందులుగా కనపడతాడు.

మాది రేపల్లె వైపు కాబట్టి వెంటనే భట్టిప్రోలు గుర్తొచ్చింది. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర అక్కడ స్తూపం తవ్విస్తే మూడు రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బుద్ధుడి ధాతువులు, నగలు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ పైమాటే. అంతకు ముందే రోడ్డు పనికి, కాలవ పనికి ఆ స్తూపం ఇటుకలు, రాళ్ళు పీక్కుపోయారు. పీకింది మన పని వాళ్ళే, ఒప్పుకోవాలి.

స్ఫటికం అంటే క్వార్ట్జే. అందులో కాస్త ఇనుము చేరి, భూమిలో ఉండే రేడియేషన్ తగిలితే ఊదారంగు అమెథిస్ట్ అవుతుంది. దాన్ని కాలిస్తే పసుపు తిరుగుతుంది. షాపుల్లో సిట్రిన్ అని అమ్మేదాంట్లో చాలా వరకు ఇదే, అక్కలూ చూసి కొనండి. అగేట్, కార్నీలియన్ కూడా ఈ ఇంటి పిల్లలే.

ఈ రాయి మీద చాకు గీత పడదు. ఉలితో కొడితే పగులుతుంది గానీ గుల్ల కాదు. దానికన్నా గట్టిదైన కురువిందం లాంటి పొడితో రోజుల తరబడి అరగదీయాల్సిందే. భట్టిప్రోలు పెట్టెల మీద దాతల పేర్లున్నాయి, నిగమ సభ్యుల పేర్లున్నాయి, కుబిరకుడనే రాజు పేరుంది. భరిణె అరగదీసినోడి పేరు మాత్రం లేదు.

వాడి ఊపిరితిత్తులు ఏమయ్యాయో అనిపించింది. గుజరాత్ ఖంభాత్‌లో అగేట్ సానపట్టే వాళ్ళకి ఆ దుమ్ముతో సిలికోసిస్ వస్తోంది. నయం చేసే మందు లేదు. ఇప్పుడు కిచెన్లలో వేసే క్వార్ట్జ్ పలకల్లో కూడా నూటికి తొంభై పాళ్ళు ఈ రాతి పొడే. అమెరికాలో కన్‌స్ట్రక్షన్ వాళ్ళకి 2017 సెప్టెంబర్ 23 నుంచి రూల్ అమల్లో ఉంది: ఎనిమిది గంటల షిఫ్టు సగటున క్యూబిక్ మీటర్ గాలిలో సిలికా 50 మైక్రోగ్రాములు దాటకూడదు.

మేము హెల్పర్లుగా ఉన్న రోజుల్లో మూతికి తువ్వాలు కట్టుకుని నీళ్ళు లేకుండానే కోసాం. మాలో ఒకడికి ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే అంటే రోజు కూలి పోతుందంటాడు. ఆ గోళం ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడింది వాడే. శుక్రవారం తీసుకెళ్తున్నాం. పోయిన కూలి మిగతా ముగ్గురం వేసుకుంటాం.