ఫిరంగి గుండు తగిలిన ఇల్లు

ద్వారక, సోమనాథ్ చూడటానికి బయల్దేరిన మన తెలుగు యాత్రికులు చాలామంది మధ్యలో పోర్‌బందర్‌లో ఓ గంట ఆగుతారు. గాంధీ స్మారకమైన కీర్తి మందిర్‌లో అడుగుపెట్టి, పక్కనున్న పాత ఇంటి కింది గదిలో నేలమీద స్వస్తిక్ గుర్తు కనబడగానే దణ్ణం పెట్టుకుని, ఫొటో దిగి బస్సెక్కుతారు. 1869 అక్టోబరు 2న గాంధీ పుట్టిన చోటది. దణ్ణం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు గానీ, ఆ గుర్తు చుట్టూ లేచిన ఇంటిని తలెత్తి చూసేవాళ్లే తక్కువ. గాంధీ పుట్టేనాటికే ఆ ఇల్లు వాళ్ల కుటుంబం చేతికొచ్చి 92 ఏళ్లయింది.

1777లో గాంధీ ముత్తాత హర్జీవన్ దాన్ని ఓ స్థానిక మహిళ దగ్గర కొన్నాడు. అప్పటికది చిన్న ఇల్లే. హర్జీవన్ కొడుకు ఉత్తమ్‌చంద్‌ను అందరూ ఓతా గాంధీ అనేవారు. ఆయన పోర్‌బందర్ సంస్థానానికి దివాన్ అయ్యాక, సంసారమూ హోదా రెండూ పెరిగాక, ఇల్లు కూడా పైకి లేచింది. ఇప్పుడు మనం చూసేది ముంగిలికి మూడు వైపులా కట్టిన మూడంతస్తుల ఇల్లు, మొత్తం 22 గదులు.

గోడలకు వాడింది పోర్‌బందర్ రాయి. తెల్లటి సున్నపురాయి. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. సున్నం లేకుండా పేర్చినా ఏళ్లు గడిచేసరికి ఒకదానికొకటి అతుక్కుపోతాయని దీనికి పేరు. బొంబాయిలోని పెద్ద పెద్ద భవనాలకు కూడా ఓడలమీద ఈ రాయే వెళ్లింది.

ఆ గోడల గట్టితనానికి పరీక్ష సముద్రపు గాలి వల్ల రాలేదు, సొంత సర్కారు వల్లే వచ్చింది. 1831లో రాణా ఖీమాజీ చనిపోయాడు. వారసుడు విక్మత్‌జీ ఇంకా పిల్లవాడు కావడంతో పెత్తనం రాణి రూపాలీబా చేతికొచ్చింది. కోశాధికారి ఖీమో కొఠారీ మీద ఆమెకు కోపం వచ్చింది. అతను ప్రాణభయంతో ఓతా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. శరణన్నవాణ్ణి అప్పగించనన్నాడు దివాన్. రాణి సైన్యాన్ని పంపింది, ఫిరంగి కూడా పంపింది. కాపలా ఉన్న గులామ్ మహమ్మద్ మక్రానీ పోరాడుతూ ప్రాణం వదిలాడు. గోడకు గుండు తగిలింది. రాజ్‌కోట్‌లోని బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ కల్పించుకున్నాకే కాల్పులు ఆగాయి. ఓ వైష్ణవ కుటుంబాన్ని కాపాడబోయి చనిపోయిన ఆ ముస్లిం కాపలాదారుకు పక్కనే ఉన్న వైష్ణవ హవేలీలో స్మారకం పెట్టారు. గాంధీ గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నా మటుకు నాకు, ఈ ఇంటి చరిత్రలో ఇంతకంటే పెద్ద ఘట్టం కనబడదు.

ఆ తర్వాత ఓతా జునాగఢ్ నవాబు కొలువుకు చేరాడు. అక్కడ ఎడమ చేత్తో సలాం చేశాడనీ, ఇదేం మర్యాదని అడిగితే కుడిచెయ్యి ఇంకా పోర్‌బందర్‌కే కట్టుబడి ఉందన్నాడనీ మనవడు గాంధీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. రూపాలీబా కాలం ముగిశాకే ఓతా మళ్లీ సొంతింటికి తిరిగొచ్చాడు.

ఇంత పేరున్న ఇంట్లో ఆయన కొడుకు, గాంధీ తండ్రి కరమ్‌చంద్ వాటాకు వచ్చింది ఎంత? కింది అంతస్తులో సుమారు 20 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి, దాన్నంటి వంటగది, చిన్న వసారా. కరమ్‌చంద్ 1847లో, పాతికేళ్ల వయసులో దివాన్ అయ్యాడు. అయినా కాపురం అందులోనే, భార్య పుత్లీబాయి పిల్లల్ని పెంచిందీ అందులోనే. గది చీకటి. వెలుతురూ గాలీ కావాలంటే పైఅంతస్తులకే వెళ్లాలి, దానికి తాడు పట్టుకుని నిటారు మెట్లెక్కాలి. దివాన్ గారు మాత్రం పక్కనే ఉన్న శ్రీనాథ్‌జీ గుడిలో కూర్చుని, ఇంటి వంటకు కూరగాయలు తరుగుతూనే రాజ్య వ్యవహారాలు మాట్లాడేవారట. ఫిరంగులకు వెరవని తండ్రికి కత్తిపీట ముందు నామోషీ లేని కొడుకు!

ఇల్లు కట్టినవాళ్ల తెలివంతా నీళ్ల దగ్గర తెలుస్తుంది. సముద్రం ఒడ్డున బావులన్నీ ఉప్పునీళ్లే. అందుకే ముంగిలి కింద రాతి తొట్టి కట్టారు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు. 20 వేల గ్యాలన్లకు పైనే పడుతుంది. వానాకాలం ముందు డాబా కడిగేవారు. వాన నీళ్లు తొట్టిలోకి దిగే గొట్టం మూతి దగ్గర, అవి శుభ్రపడేందుకు సున్నపు గడ్డ పెట్టేవారు. మన గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నాలుగు వైపుల చూరు నీళ్లూ నడిమధ్యకు పడి తూములోంచి బయటికి పోతాయి. ఏటి పక్కనున్నవాళ్లకు అది చెల్లింది. పోర్‌బందర్ ఉన్న కాఠియావాడ్‌లో ఆ నీళ్లే ఏడాది పొడవునా తాగాలి.

గాంధీకి ఏడేళ్లప్పుడు తండ్రి ఉద్యోగం కోసం కుటుంబం రాజ్‌కోట్‌కు మారింది. పక్కన కనిపించే 79 అడుగుల కీర్తి మందిర్ చాలా తర్వాతది. వ్యాపారి నాన్జీభాయ్ కాళిదాస్ మెహతా డబ్బు పెట్టారు. 1947లో శంకుస్థాపన జరిగింది, 1950లో సర్దార్ పటేల్ ప్రారంభించారు. 79వ ఏట ముగిసిన గాంధీ జీవితానికి గుర్తుగా ఆ ఎత్తు. భక్తితో కట్టిందే, కాదనలేం. కానీ దాని హంగు ముందు పాత ఇల్లు చిన్నబోయింది. జనం కూడా కొత్తదాని ముందే ఎక్కువసేపు నిలబడుతున్నారు.

వీలైతే ఆ గంటను రెండు గంటలు చేసుకోండి. కీర్తి మందిర్ వెనకే, కొద్ది అడుగుల దూరంలో, వర్తకుడు గోకుల్‌దాస్ మకన్‌జీ ఇల్లుంది. కస్తూర్బా పుట్టింది అక్కడే. పదమూడేళ్ల గాంధీకి ఆమెతో పెళ్లి జరిగింది ఈ ఊళ్లోనే. రాజ్‌కోట్ ఠాకూర్ చివరి నిమిషం దాకా సెలవివ్వకపోవడంతో హడావుడిగా బయల్దేరిన కరమ్‌చంద్ బండి దారిలో బోల్తాపడింది. ఒంటినిండా కట్లతోనే ఆయన కొడుకు పెళ్లి జరిపించారు.